పటాలాన్ని ఏడిపించిన దిష్టి

తుపాకీ ముట్టకుండా ఒక పటాలాన్ని కన్నీళ్ళు పెట్టించిన మనిషిని మీరు చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. శత్రువులకు చేతకాని పనిని నేను ఎండుమిరపకాయలతో చేశాను.

ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు కనక. అక్షరాలు దిద్దేటప్పటికి నా జుట్టు నెరిసింది. అంతవరకూ ఈ కథ మా ఆయన సొత్తు. చుట్టాలు వస్తే చాలు, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి మరీ చెప్పేవారు. ఒకచోట ఆపి పకపకా నవ్వేవారు. ఆ తరవాత ఇంకొంచెం ఉంది. అందులో కొసన జరిగింది ఆయనకు తెలియదు. ఇప్పుడు మధ్యలో అందుకోవడానికి ఆయన లేరు. కలం నా చేతికి వచ్చింది. అందుకని మొత్తం చెబుతాను.

మాది పర్చూరు వైపు నల్లరేగడి ఊరు. ఆయన మిలిటరీలో నాయక్. పెళ్ళయిందన్న మాటే గాని, నా కాపురమంతా అత్తతోనే. ఆయన సెలవులకు వచ్చే చుట్టం. ఆయన సరిహద్దులో ఉండగానే మాకు ఆడపిల్ల పుట్టింది, బోర్లా పడటం నేర్వకముందే జ్వరమొచ్చి పోయింది. ఆయన ఆ పిల్లను చూడనే లేదు.

ఆ తరవాత నేను పొయ్యి ముట్టించలేదు. అత్త పక్కింట్లో ఇంత ఉడకేసి తెచ్చేది. పొయ్యిలో పిల్లి లేవలేదని సామెత చెబుతారు గదా, మా ఇంట్లో అది సామెత కాదు. ఎక్కడిదో బూడిదరంగు పిల్లికూన వచ్చి, చల్లారిపోయిన పొయ్యిలో కాపురం పెట్టింది. ఒకనాడు అత్త నా పక్కన నిలబడి, "దాన్ని లేపమ్మాయ్. అది లేస్తే గాని పొయ్యి వెలగదు. పొయ్యి వెలిగితే గాని నువ్వు లేవవు" అంది.

లేపాను. దానికి బూడిదమ్మ అని పేరు పెట్టుకున్నాను.

కొన్నాళ్ళకు మా ఆయన వచ్చి, పైన ఉత్తరాదిన కంటోన్మెంటులో ఫ్యామిలీ క్వార్టరు దొరికిందనీ, సామాన్లు సర్దుకోమనీ చెప్పారు. నేను మొదట సర్దింది పిల్లిని.

"క్వార్టర్ల లైన్లలో జంతువుల్ని పెంచకూడదే. రూలు" అన్నారు.

"అయితే మీరూ మీ రూలూ వెళ్ళిరండి" అన్నాను.

ఆయన బజారుకు వెళ్ళి మూత ఉన్న వెదురుబుట్ట కొనుక్కొచ్చారు. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు అంటారు. నేను ఏకంగా కాపురానికే వెళ్ళాను. రైల్లో టికెట్ల ఆయన వచ్చినప్పుడల్లా బూడిదమ్మ మ్యావుమనడం, అది వినపడకుండా నేను దగ్గడం, మా ఆవిడకు ఆయాసమండీ అని ఈయన చెప్పడం. పెట్టెలో ఉన్న ఒక ముసలావిడ జాలిపడి నాకు మిరియాల కషాయం కూడా తాగించింది.

క్వార్టరంటే పొడుగాటి పెంకుల షెడ్డు. దాన్ని గోడలు పెట్టి ఇళ్ళుగా కోశారు. ఆ గోడలు కూడా నడుమ దాకా లేచి, ఇక చాల్లే అనుకున్నట్టు, పైకప్పును అందుకోకుండానే ఆగిపోయాయి. సామాన్లు దించగానే మా ఆయన గొంతు తగ్గించి చెప్పారు.

"సాయంత్రం ఆఫీసరు క్వార్టరు చూడ్డానికి వస్తాడు. పిల్లి కనపడిందా, దాన్నన్నా వదలాలి, ఇంటినన్నా వదలాలి. ఇల్లు వదిలామంటే మళ్ళీ ఇచ్చేసరికి మన పిల్లలకు పెళ్ళిళ్ళవుతాయి."

అని నాలిక కరుచుకున్నారు. నేను వినపడనట్టు బుట్ట తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

ఆయన ఆఫీసరుకు ఎదురు వెళ్ళారు. నేను బుట్ట మూత బిగించి ఓ మూల పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, అత్త మూటగట్టి ఇచ్చిన మిరపకాయలు. కొత్త ఇల్లు, కొత్త కళ్ళు, చేరిన రోజే దిష్టి తీసుకోమంది. సరే, ఆఫీసరు కళ్ళకంటే ముందే పని కానిద్దామని పొయ్యి రాజేశాను. గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని బూడిదమ్మకు తిప్పాను, గుమ్మానికి తిప్పాను, మేకుకు వేలాడుతున్న ఆయన టోపీకి కూడా తిప్పి నిప్పుల్లో వేశాను.

మీకు తెలిసిందే, ఘాటు వస్తే దిష్టి లేనట్టు. రాకపోతే గట్టిగా తగిలినట్టు. నాకు ఘాటు రాలేదు. ఎలా వస్తుంది? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ మిరపకల్లంలో తాలుకాయలు ఏరిన ముక్కు అది. పైగా పొగ నా దగ్గర నిలవకుండా గోడల మీదుగా లైనంతా పలకరించడానికి వెళ్ళింది. నాకేం తెలుసు? అమ్మో, ఎంత దిష్టి అనుకుని ఇంకో గుప్పెడు వేశాను.

పక్కింటి పంజాబీ ఆవిడ దగ్గింది. పాపం, జలుబు అనుకున్నాను. అవతలింట్లో దగ్గారు. దాని అవతలింట్లో పిల్లలు తుమ్మారు. ఈ ఊరి గాలే మంచిది కాదు, వీళ్ళందరికీ దిష్టి ఉందని జాలిపడి, అందరి పేరునా మూట మొత్తం పొయ్యిలో కుమ్మరించాను.

ఆ తరవాత ఈలలు వినపడ్డాయి. బూట్లు పరిగెత్తాయి. ఇసక బకెట్లు పట్టుకుని జవాన్లు నా వంటింట్లోకి దూరారు. పొయ్యి కనపడకుండా ఇసక పోశారు. ఆ తొక్కిడిలో బుట్ట దొర్లింది, మూత ఊడింది, బూడిదమ్మ గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషి రెండు కాళ్ళ మధ్య నించి దూసుకుపోయింది. ఆ పెద్దమనిషే ఆఫీసరు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా కన్నీళ్ళు కారుస్తున్నాడు. పక్కన మా ఆయన నిటారుగా నిలబడి అంతకంటే ఎక్కువ కారుస్తున్నారు. ఆఫీసరు హిందీలో ఏదో అడిగాడు, ఈయన ఏదో చెప్పారు, అందరూ వెళ్ళిపోయారు.

"ఏమన్నాడండీ?" అన్నాను, గోడకు ఆనుకుని.

"నీ పెళ్ళాన్ని సరిహద్దుకు పంపితే మనమంతా ఇళ్ళకు పోవచ్చన్నాడు."

"పిల్లిని చూశాడా?"

"దానికి కూడా దిష్టి తీసిందా అని అడిగాడు. తీసిందన్నాను. 'సరే, నా కళ్ళు మండుతున్నాయి, నాకేమీ కనపడలేదు' అన్నాడు."

మా ఆయన కథ ఎప్పుడూ ఇక్కడితో ఆగేది. చుట్టాలు నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. కాని ఆరోజు నాకు నవ్వు రాలేదు. పిల్లి ఉండటానికి ఒప్పుకున్నారు, ఉండటానికి పిల్లి లేదు. లైను చివరిదాకా పిలుచుకుంటూ తిరిగాను. తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పే జాతికి ఇల్లు మర్చిపోవడం ఉండదులే అని ఆయన ఓదార్చారు. పొయ్యి బాగు చేస్తానంటే వద్దన్నాను. ఆయన రొట్టెలు తెస్తే ఆయనే తిన్నారు. మళ్ళీ ఆ చల్లారిన పొయ్యి వంక చూడలేక అటు తిరిగి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే, ఆయన లేవకముందే వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యిలో ఇసక కుప్ప మధ్యన చిన్న గుంట. ఆ గుంటలో ముడుచుకుని, మీసాల నిండా ఇసకతో బూడిదమ్మ నిద్రపోతోంది. చెయ్యి పెట్టి చూశాను. అడుగున నిప్పు ఆరినా ఇసక ఇంకా గోరువెచ్చగా ఉంది.

పొయ్యి ముందు కూర్చున్నాను. తరవాత దాని తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. నా బొందిలో ప్రాణం ఉండగా, ఆయుధాలున్న మనుషులకు ఆమడ దూరంలో మిరపకాయ కాల్చను. వాళ్ళకెంత దిష్టి ఉన్నా సరే, వాళ్ళ ఖర్మ.

అప్పుడు దాన్ని లేపాను. ఇసక ఎత్తిపోసి, పొయ్యి ముట్టించాను.