మైకు మామయ్య సమన్యాయం

మా మేనమామకి ఊళ్ళో రెండు పేర్లు. ఎదురుగా మైకు మామయ్య, వెనకాల గోడ మీద పిల్లి. టౌన్‌హాల్లో ఏ సభ జరిగినా మైకుల మీట ఆయన చేతిలోనే. ఎవరి గొంతు ఎప్పుడు నొక్కాలో అధ్యక్షుడు నోరు విప్పి చెప్పక్కర్లేదు. కలానికి మూత పెడితే చాలు, మామయ్య మీట తిప్పేస్తాడు. "నాకు అందరూ సమానమేరా" అని ఛాతీ విరుచుకుంటాడు.

జన్యువులు మార్చిన మొక్కజొన్నని మా ప్రాంతంలో వెయ్యనివ్వాలా వద్దా అని జనాన్ని అడగడానికి సభ పెట్టారు. మా పక్క చేను ఆసామి ఆ విత్తనం కోసం కాచుక్కూర్చున్నాడు. మా ఇంట్లో అమ్మమ్మ నాటి నుంచి విత్తనం కొన్నది లేదు. మంచి కండెలు ఏరి దాచి, మళ్ళీ అవే వేస్తాం. అవతలి పుప్పొడి గాలికొచ్చి మా చేలో పడితే ఆ విత్తనం ఇక మాది కాదు. అప్పుడు మా గతేంటి? అమ్మ అడగాలనుకున్నది ఆ ఒక్క మాటే.

సభలో ఒక శాస్త్రవేత్త ఈ పంటొస్తే ఆకలే ఉండదన్నాడు. ఇంకొకాయన మనుషులే ఉండరన్నాడు. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ళు మూడే కాళ్ళన్నారు. వెనక వరసలో మేం, పోయేది ఆకలో మనుషులో తేలక, టీ ఎప్పుడిస్తారా అని చూస్తున్నాం.

చివరికి అమ్మ లేచింది. "అయ్యా, పక్క చేలో పుప్పొడి మా చేలో పడితే..."

అధ్యక్షుడు కలానికి మూత పెట్టాడు. మామయ్య మీట తిప్పాడు. తోడబుట్టిన అక్క పెదాలు కాసేపు ఆడాయి, ముందు వరసకి ఒక్క ముక్క చేరలేదు. అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బయటికొస్తూ అధ్యక్షుడే మామయ్యని అడిగాడు. "ఆవిడేదో పనికొచ్చే మాట ఎత్తిందని రాయడం ఆపి మరీ వింటున్నా. మధ్యలోనే కూర్చుందేమయ్యా?"

మామయ్య తల గోక్కున్నాడు. అధ్యక్షుడు మంచివాడే, వెనక్కి పిలిచి అడిగేంత మంచివాడు మాత్రం కాదు. విత్తనాల గురించి ఎవరికీ అనుమానాల్లేవని తేల్చి అనుమతిచ్చేశారు. వానలు పడగానే పక్క చేను ఆసామి విత్తాడు. మేం ఇంకా విత్తలేదు.

"కంచే చేను మేసిందిరా" అంది అమ్మ నాతో.

ఆ ఆదివారం మామయ్య భోజనానికొచ్చాడు. అమ్మ మొక్కజొన్న గింజలు నానబెట్టి, ఉడకబెట్టి, పళ్ళెం నిండా పెట్టింది.

"నా తప్పేముందక్కా? అందరికీ ఒకటే రూలు కదా!" అంటూ నమిలాడు. గట్టిగా ఉన్నా వదల్లేదు, పళ్ళెం ఖాళీ చేశాడు. "బాగున్నాయక్కా, ఇంకాసిని పెట్టు."

"లేవురా" అంది అమ్మ. "దాచిన విత్తనం అంతే."