ఆఖరి ముందొచ్చిన డిస్కు

ఆ రోజుల్లో జ్ఞాపకాలకు బరువుండేది. ఫొటోలకి అట్ట ఆల్బమూ, వీడియోకి నల్ల క్యాసెట్టూ, ఆ రెండింటికీ బీరువాలో పట్టుచీరల పక్కన చోటూ, చుట్టూ నాలుగు కలరా ఉండలూ. ఎవరింటికైనా వెళితే ఆల్బమ్ ఒళ్లో పెట్టేవారు, క్యాసెట్టు ఆడించేవారు, రెండూ అయ్యేలోపు మనకి మళ్లీ ఆకలేసేది. అలాంటి కాలంలో అరచేతంత మెరిసే డిస్కు ఒకటి ఊళ్లోకి దిగింది. ఇంటి వీడియోనీ, ఇంటి ఫొటోలనీ కలిపి ఆ ఒక్క డిస్కులో ఎక్కించగల మొనగాడు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఒక్కడే ఉండేవాడు. వాణ్ణి నేనే. (ఈ మాట అప్పట్లోనూ నేనే చెప్పుకునేవాణ్ణి. ఇంకెవరూ చెప్పలేదు గనక ఇప్పుడూ నేనే చెబుతున్నాను.)

గోదావరి జిల్లా నుంచి కంప్యూటర్ కోర్సు కోసం వచ్చి, ఎస్.ఆర్. నగర్‌లో ఒకే గదిలో ఆరుగురం సర్దుకుని, కోర్సు పూర్తయినా ఉద్యోగం రాక, చివరికి పంజాగుట్ట సందులో ఒక ఫొటో స్టూడియోలో కుదిరాను. నా పని డిస్కులు రాయడం. అవును, రాయడమే అనేవాళ్లం, తాళపత్రాల మీద రాసినంత నిష్ఠగా. ఒక డిస్కు రాయడానికి ముప్పావుగంట పట్టేది. ఆ ముప్పావుగంటా మా కంప్యూటర్ గర్భిణిలా ఉండేది. ఎవరైనా తుమ్మితే డిస్కు పాడయ్యేది, పక్క దుకాణంలో మిక్సీ వేస్తే పాడయ్యేది, ఒకసారి మా ఓనరు గట్టిగా ఆవలిస్తే పాడయింది. (మొదటి రెండూ నిజం.) "అరే, పోరడు డిస్కు రాస్తుండు, ఎవ్వరూ ఊపిరి తీస్కోకుండ్రి" అని ఓనరు గుమ్మం దగ్గరే కాపలా కాసేవాడు. పాడైన డిస్కులన్నీ దారానికి గుచ్చి బాల్కనీలో వేలాడదీస్తే, ఆ తళతళకి మా సందులో పావురాలు వాలడం మానేశాయి.

మా స్టూడియో ఎదురుగా ఒక టైలర్ షాపు ఉండేది. టైలర్‌ని అందరూ మాస్టర్ అనేవారు. నేత పనివాళ్ల ఊరి నుంచి అన్నతో కలిసి వచ్చి, మగ్గం వదిలి మిషన్ పట్టిన మనిషి. మాట మెత్తన, కత్తెర చురుకు. ఆయన కోత బల్ల మీద చాయ్ గ్లాసు పెడితే మాత్రం ఎవరినైనా కసిరేవాడు. షాపు పెట్టి పాతికేళ్లయిన సందర్భంగా, ఒక ఆదివారం పొద్దున సందులోనే షామియానా వేసి నలుగురికీ భోజనం పెట్టాలనీ, టీవీలో షాపు కథంతా చూపించాలనీ అనుకున్నాడు. మూడు ఆల్బములూ, ఒక పెళ్లి క్యాసెట్టూ సంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

అసలు సంగతి షాపు కథ కాదు. మొదట్లో ఆ షాపుకి చెక్క బోర్డు ఉండేది, దాని మీద 'అన్నదమ్ముల టైలర్స్' అని. పన్నెండేళ్ల కిందట గిరాకీ పెరగాలని మాస్టర్ దాన్ని దించి, రంగుల రేకు బోర్డు పెట్టించాడు, 'న్యూ స్టైల్ టైలర్స్' అని. ఆ సాయంత్రమే ఆయన అన్న, "బోర్డు మీద అన్న లేనప్పుడు దుకాణంల అన్న ఎందుకు?" అని టేపు మెడలోంచి తీసి మిషన్ మీద పెట్టి ఊరికి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. ఇప్పుడు మాస్టర్ భార్య స్వయంగా ఊరికి పోయి పిలిస్తే, మరదలి మాట కాదనలేక ఒప్పుకున్నాడట, పదకొండింటికి వచ్చి పన్నెండు బస్సుకు వెళ్లిపోయే షరతు మీద.

"తమ్మీ, జర మంచిగ చెయ్యి," అన్నాడు మాస్టర్. "మా అన్నకు ఓపిక తక్కువ, ఐదు నిమిషాలు సుత కూసోడు. ముందుగాల్నే గీ పాత బోర్డు ఫొటో రావాలె. మేమిద్దరం దాని కింద నిలవడ్డది. గది సూస్తే మనసు కరుగుతది. కొత్త బోర్డు ముందు కనవడ్డదనుకో, లేచి బస్సెక్కుతడు. ఇగ జన్మల రాడు."

"మీరేం కంగారు పడకండి మాస్టరు గారూ. ఇలాంటివి నిద్రలో చేస్తాను," అన్నాను. (చేసిన తీరు చూస్తే నిద్రలోనే చేశాననిపిస్తుంది.)

మూడు రోజులు ఫొటోలు స్కాన్ చేశాను, క్యాసెట్టు ఎక్కించాను, అన్నిటినీ మూడు ఫోల్డర్లలో సర్దాను. పాత బోర్డూ, అన్నదమ్ముల పడుచు రోజులూ ఒకదాంట్లో. మాస్టర్ పెళ్లి, బ్యాండు, ఆ వీడియో ఇంకోదాంట్లో. అన్న వెళ్లిపోయాక తీసిన కొత్త ఫొటోలు మూడోదాంట్లో. పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో శుభ్రమైన తెలుగే పెట్టాను: మొదటి, మధ్య, ఆఖరి. కంప్యూటర్లో ఒక్కొక్కటీ నా చేత్తో తెరిచి వరుసగా చూసుకుని మురిసిపోయాను. నాలుగు డిస్కులు పాడయ్యాక, ఆదివారం పదిన్నరకి, పెట్టెలో మిగిలిన ఒకే ఒక్క డిస్కు మీద రాత పూర్తయింది. వేడివేడిగా పట్టుకుని రోడ్డు దాటాను.

షామియానా కింద యాభై కుర్చీలు. కోత బల్ల మీద దుప్పటి పరిచి దాని మీద టీవీ, డిస్కు ఆడించే పెట్టె పెట్టారు. పదకొండింటికి సరిగ్గా అన్న దిగాడు. నున్నటి గుండు, భుజాన తువ్వాలు, చేతిలో గొడుగు. అందరికంటే వెనక కుర్చీలో కూర్చుని, "చాయ్ వద్దు, నీళ్లు వద్దు. బస్సున్నది," అన్నాడు. మాస్టర్ ఆయన వైపు చూడకుండా నాకు సైగ చేశాడు. డిస్కు పెట్టి మీట నొక్కాను.

తెర మీద మొట్టమొదట వచ్చింది రేకు బోర్డు. 'న్యూ స్టైల్ టైలర్స్'. ఎర్రటి అక్షరాలు, చుట్టూ సీరియల్ లైట్లు.

"సూసినం గదా," అని అన్న గొడుగు తీసుకుని లేచాడు.

మాస్టర్ నన్ను చూసిన చూపు చెప్పలేను. గుడ్డ కోసే ముందు సుద్దతో గీత గీస్తాడే, ఆ గీత నా మెడ మీదే కనిపించింది. రిమోట్‌లో ఉన్న మీటలన్నీ నొక్కాను. సౌండు పెరగడం తప్ప ఏమీ జరగలేదు. ఇక నాకు చేతనయిన విద్య ఒక్కటే మిగిలింది, అబద్ధం. పరుగెత్తుకెళ్లి అన్నకి అడ్డం నిలబడ్డాను.

"పెద్దయ్యగారూ, లేవకండి! ఇది వెనక్కి నడిచే సినిమా. కొత్త పద్ధతి. పోనుపోను అందరూ చిన్నవాళ్లయిపోతారు."

ఆయన ఆగాడు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారింది. "అందరంటే, నేను సుతనా?"

"మీరు కూడానండి."

"అయితే నా ఎంటికలు సుత వాపస్ వస్తయా?"

"మధ్యలో సగం వస్తాయండి. చివరికి పూర్తిగా వస్తాయి. గ్యారంటీ."

షామియానా అంతా ఘొల్లుమంది. అన్న గుండు నిమురుకుని, "సగమన్న రానీ, సూసి పోత," అని కూర్చున్నాడు. మాస్టర్ ఒంటరిగా దిగిన ఫొటోలు వరసగా పోతుంటే ఆయన గొడుగు పిడి తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత పెళ్లి వీడియో మొదలైంది. బ్యాండు ముందు, సగం జుట్టుతో, తువ్వాలు గిరగిరా తిప్పుతూ, నేలకి ఒక మూర ఎత్తున ఎగురుతున్న మనిషి ఆయనే. పిల్లలు ఈలలు వేశారు.

"గట్ల దుంకిన్నా నేను?" అన్నాడు అన్న, ఎవరినీ ప్రత్యేకంగా అడక్కుండా.

"దుంకుడా? బ్యాండోళ్ల డోలు పలిగింది గదనే!" అన్నాడు టీవీ పక్కన నిలబడ్డ మాస్టర్. అని, తనే ఉలిక్కిపడ్డాడు. పన్నెండేళ్ల తర్వాత అన్నతో ఆడిన మొదటి మాట అది.

చెప్పిన వరుసలో వేసి ఉంటే, ఆ కథలో అన్న నెమ్మదిగా మాయమైపోయేవాడు. ఉల్టా వేసేసరికి నెమ్మదిగా వచ్చాడు, జుట్టుతో సహా. ఆఖరున తెర మీద ఇద్దరు పడుచువాళ్లు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, తలల పైన చెక్క బోర్డు. డిస్కు అక్కడితో అయిపోయింది. ఆ బొమ్మ అలాగే నిలిచిపోయింది.

అన్న లేచి ముందుకొచ్చాడు. "గా బోర్డు ఏం జేసినవ్ ర? పొయ్యిల వెట్టినవా?"

"టీవీ కిందున్నదన్నా," అన్నాడు మాస్టర్. "పన్నెండేండ్ల సంది దాని మీదనే బట్ట కోస్తున్న."

నలుగురం కలిసి టీవీ దించాం, దుప్పటి తీశాం, బల్ల మీది చెక్కని తిరగేశాం. రంగు చాలాచోట్ల రాలిపోయింది. 'దమ్ముల' అనే ముక్క ఆనవాలు లేదు. 'అన్న' మాత్రం నిన్న రాసినట్టుంది. పెద్దాయన దాని మీద చెయ్యి వేసి చాలాసేపు చదివాడు. రెండే అక్షరాలు, అంతసేపు ఎందుకు పట్టిందో నాకిప్పుడు తెలుసు. తర్వాత తమ్ముణ్ణి చూసి, "సూసినవా? నేనైతే ఈడనే ఉన్న. నువ్వే పోయినవ్," అన్నాడు. మాస్టర్ నవ్వబోయి, ముక్కు తుడుచుకున్నాడు. పన్నెండు బస్సు పోయింది. రెండు బస్సూ పోయింది. అన్న మూడు గ్లాసుల చాయ్ తాగాడు, మూడూ ఆ చెక్క మీదే పెట్టి. ఎవరూ కసరలేదు.

భోజనాల దగ్గర మా ఓనరు నన్ను పక్కకి లాగాడు. "నిజం చెప్పు. సోచాయించే పెట్టినవా, తప్పు పోయిందా?"

"ఆలోచించే పెట్టానండి. మనసు శాస్త్రం," అన్నాను. ఆ ముక్క ఎస్.ఆర్. నగర్ గదికి చేరేసరికి డిస్కు చూసి పెద్దాయనకి నిజంగానే జుట్టు మొలిచింది. అమీర్‌పేట దాటేసరికి జడ కూడా వేసుకున్నాడు.

ఇన్నేళ్లకి మీ దగ్గర ఒప్పుకుంటున్నాను. డిస్కు ఆడించే ఆ పెట్టెకి మన తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాల వరుసే తెలుసు. ఆ వరుసలో ఆఖరి ముందొస్తుంది, మధ్య మధ్యలోనే ఉంటుంది, మొదటి చివరికి పోతుంది. ఈ సంగతి నాకు సోమవారం పొద్దున తెలిసింది.

మొన్న అటువైపు వెళితే స్టూడియో ఉన్న చోట ఫోను కవర్లు అమ్ముతున్నారు. నా దగ్గరున్న డిస్కు కాపీ పెట్టడానికి మా ఇంట్లో ఏ యంత్రానికీ చిల్లు లేదు. మా అమ్మాయి ఎక్కడో పట్టుకెళ్లి, అందులోవీ, ఆ రోజు ఫంక్షన్‌లో తీసినవీ కలిపి నా ఫోనులోకి ఎక్కించి తెచ్చింది. చూస్తే ఫోనులో కూడా అన్నీ ఉల్టాయే. ఇవాళ్టివి పైన, పాతవి అడుగున. అంటే పంజాగుట్ట సందులో నేను మొదలుపెట్టిన పద్ధతినే లోకమంతా అనుసరిస్తోందన్నమాట. (మా అమ్మాయి ఒప్పుకోదు.) అప్పుడప్పుడు ఒక్కణ్ణీ కూర్చుని వేలితో తోసుకుంటూ కిందికి పోతాను. పొట్ట తగ్గుతుంది, కళ్లద్దాలు పోతాయి. నా ఫొటోల్లో అట్టడుగున, షామియానా కింద, రిమోట్ పట్టుకుని బెదురు చూపులు చూస్తూ ఒక సన్నటి కుర్రాడు నిలబడి ఉంటాడు. వాడి నెత్తిన ఎంత జుట్టో!