కెప్టెన్ అక్క, ఆమె చెల్లెలు

డెబ్భైల చివర్లో, తిరువళ్ళూరు హైస్కూల్లో మా బాస్కెట్‌బాల్ టీముకు కెప్టెన్‌గా ఉన్న పై తరగతి అమ్మాయిని, మేమంతా అక్కా అని పిలిచే ఆమెను, నేను పూర్తిగా నమ్మలేదు. ఏదైనా అడిగితే జవాబు చెప్పకుండా వంగి బూటు లేసు కట్టుకునేది. ఆమె చెల్లెలు తిరుత్తణిలో మేనమామ ఇంట్లో పెరుగుతూ అక్కడి స్కూలు తరఫున ఆడేది. ఆ ఏడు తిరుత్తణిలో జరిగిన ఫైనల్లో ఆ స్కూలే మాకు ఎదురైంది.

ఫైనలుకు ముందు రెండు ఆదివారాలూ అక్క తిరుత్తణికి వెళ్ళింది. మా ఆట గుట్టు చెల్లెలికి చెప్పేస్తోందని నాకు అనుమానం. ఆట రోజు పొద్దున ఉండబట్టలేక అడిగేశాను.

"అక్కా, నువ్వు యాడికి పోయినావో మాకు తెలుసు. ఈ పొద్దు ఎవురి కోసరం ఆడతావు?"

ఆమె లేసు బిగించుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆటలో చెల్లెలిని తానే అడ్డుకుంది. కుడివైపు దారి మూసి, ప్రతిసారీ బంతిని ఎడమచేతికి మళ్ళించేలా చేసింది. ఆ చేతిలో బంతి నిలవలేదు. చివరి నిమిషంలోనూ అలాగే లాక్కుని బుట్టలో వేసింది. ఒక్క పాయింటుతో గెలిచాం.

చెల్లెలు ఎడమ మణికట్టు పట్టుకుని మా దగ్గరికి వచ్చింది.

"చిన్నప్పుడు నువ్వు తోస్తేనే కదక్కా ఈ చెయ్యి విరిగింది. రెండు ఆదివారాలు వచ్చి నాతో ఆడినావే, అది ఎట్లుందో చూసేదానికేనా?"

అక్క వంగి బూటు లేసు కట్టుకుంది. కప్పు అందుకోవడానికి నన్ను పంపింది. తిరుగు ప్రయాణంలో, అరక్కోణంలో రైలు మారాక నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"ఏమే, ఇప్పుడన్నా నమ్మినావా?"

తల ఊపాను. ఆ తర్వాత నా గుట్టు ఒక్కటి కూడా ఆమెకు చెప్పలేదు.