కోటేసుకుని చెప్పిన మాట

మజ్నా మొగుడు షహారోం మలేషియాలోని తైపింగు ఊళ్లో భూమి కచేరీలో అటెండరు. ఫైళ్లు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి మోయడం తప్ప జీవితంలో దేనికీ తొందరపడని మనిషి. అలాంటివాడికి ఉన్నట్టుండి ధనవంతుడైపోవాలని తొందర పుట్టింది.

పుట్టించినవాడు ఆయన పిన్ని కొడుకు జుల్కిఫ్లీ. కుట్టుమిషన్లు అమ్మాడు, కలిసిరాలేదు. బీమా అమ్మాడు, అదీ అంతే. ఇప్పుడు మెడకు టై కట్టి యూనిట్ ట్రస్టులు, అంటే షేర్ల ఫండులో వాటాలు, అమ్ముతున్నాడు. ఓ పొద్దున మజ్నా కొబ్బరన్నం దుకాణానికి వచ్చి, రెండు పొట్లాలు ఊరికే తిని, మజ్నాను కక్, అంటే అక్కా, అని పిలుస్తూ బేరం మొదలుపెట్టాడు.

"కక్, బ్యాంకు తొమ్మిది శాతానికి అప్పిస్తుంది. ఫండు పదిహేను ఇస్తుంది. మధ్యలో ఆరు ఎవరిది? మీదే. సొంత డబ్బు ఒక్క సెంటు పెట్టక్కర్లేదు."

"అంత తేలికైతే ఆ ఆరూ బ్యాంకే తినొచ్చుగా. మన మొహాలు చూసి జాలిపడిందా?"

"ఆడవాళ్లకి ఇవి ఎక్కవులే బాంగ్," అని పక్కనే ఉన్న అన్నవైపు తిరిగి నవ్వాడు. షహారోం కూడా నవ్వాడు. మజ్నాకు ఒళ్లు మండింది ఆ రెండో నవ్వుకే.

ఇల్లు తాకట్టు పెట్టి యాభై వేల రింగిట్లు తెచ్చారు. ఆ డబ్బు ఇంటి గడప తొక్కలేదు. బ్యాంకులోంచి అటే ఫండులోకి పోయింది. మొదటి ఏడాది కాగితం మీద లాభం కనిపించింది. దాంతో జుల్కిఫ్లీ ఒక హోటల్లో సభ పెట్టి, షహారోంకి అద్దె కోటు తొడిగి వేదికెక్కించాడు. ఫైలు మోసే చేతులు ఊపుతూ షహారోం పెట్టుబడి గురించి ఉపన్యసించాడు. జనం చప్పట్లు కొట్టారు. మజ్నా కోడికూర ముక్క నములుతూ కూర్చుంది. ఆ రాత్రి ఆమెకు నచ్చింది అదొక్కటే.

ఆ మాటలు నమ్మినవాళ్లలో ప్రార్థన మందిరంలో అజాన్ పిలిచే ముసలి దొల్లా ఒకడు. పెద్దవాడని అందరూ పాక్ దొల్లా అంటారు. హజ్ యాత్రకని దాచుకున్నదంతా పోశాడు.

తర్వాతి ఏడాది రింగిట్ కుప్పకూలింది. యూనిట్ల ధర సగమైంది, బ్యాంకు వడ్డీ పెరిగింది. జుల్కిఫ్లీ ఫోను మోగుతూనే ఉంది, ఎత్తేవాడు లేడు.

"పడ్డప్పుడే ఇంకా కొనాలట," అన్నాడు షహారోం.

"దేంతో కొంటారు? నా అన్నం డేక్సాతోనా?"

ఒక పొద్దున దొల్లా దుకాణానికి వస్తుంటే దూరం నుంచే చూసి షహారోం అరటాకుల గంప వెనక చతికిలబడ్డాడు. కాపురంలో మజ్నా ఎన్నో చూసింది గానీ అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. గంప పక్కకు లాగేసింది.

"బలవంతం చేయలేదుగా పాక్ దొల్లా," అని గొణిగాడు షహారోం లేచి.

"చేయలేదు. మామూలు చొక్కాలో చెప్పుంటే నవ్వేసేవాణ్ణి. కోటేసుకుని చెప్పావు," అన్నాడు ముసలాయన. అన్నం తిని, వద్దంటున్నా డబ్బులిచ్చి వెళ్లాడు.

ఆ వారమే మజ్నా మొగుణ్ణి బ్యాంకుకు వెంటబెట్టుకెళ్లింది. యూనిట్లు నష్టానికే అమ్మించింది, కారు అమ్మించింది. మిగిలిన అప్పు నెలనెలా దుకాణంలోంచే కట్టింది. తెల్లవారుజామున షహారోం అరటాకులు తుడిచి పొట్లాలు కట్టి, ఆ తర్వాతే కచేరీకి పోవాలి. దొల్లాకు మాత్రం ఎవరూ ఏమీ తిరిగివ్వలేకపోయారు. ఆయన హజ్ చూడకుండానే పోయాడు.

అంత్యక్రియలైన కొన్నాళ్లకు జుల్కిఫ్లీ మళ్లీ దిగబడ్డాడు. ఈసారి నీళ్లకు శక్తినిచ్చే అయస్కాంతం అమ్ముతున్నాడు. దాన్ని బల్లమీద పెట్టి, కీళ్లనొప్పులన్నీ ఎగిరిపోతాయన్నాడు. ఫండు సంగతి, దొల్లా సంగతి నోటికి రాలేదు.

మజ్నా అన్నం వడ్డిస్తూ, ఈసారి ముందుగా డబ్బు పెట్టమంది. అతడు రింగిట్లు లెక్కపెడుతుంటే షహారోం అయస్కాంతాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వాయిదాల్లో ఇస్తావా?" అని అడిగాడు.