రాఖీ పళ్లెం, ఒకే రంగు కండువాలు

మా బాపు పార్టీలో చేరిననాటి నుంచి మా ఇంటి సంతోషం ఆ పార్టీ చేతిలోకి పోయింది. గెలిస్తే మటన్, ఓడితే ఉత్త పప్పు. ఆయనకు పదవి ఏదీ రాలేదు. అయినా ఇస్త్రీ చేసిన కండువా మెడలో వేసుకుని వరంగల్ సుబేదారిలో చాయ్ హోటల్ ముందు నిలబడితే ఆయన మొహంలో కనిపించే వెలుగు నేను డిగ్రీ పాసైన రోజు కూడా కనిపించలేదు. నాకు అసూయగానే ఉండేది.

అమ్మకు ఒక్కడే అన్న. ఉండేది తొర్రూరు దగ్గరి పల్లెలో. మామది అవతలి పార్టీ. ఆయన సర్పంచిగా నిలబడితే, బాపు ఇక్కడి నుంచి పనిగట్టుకుని వెళ్లి ఎదుటివాడి తరఫున ప్రచారం చేశాడు. మామ ఓడిపోయాడు. అప్పటి నుంచి రాకపోకలు బంద్.

రాఖీ పున్నమికి వరంగల్ బస్టాండులో ఆడవాళ్లతో కాలు పెట్టే సందుండదు. ఎంత దూరమైనా అన్నదమ్ముల ఇంటికి పోయి కట్టి రావాల్సిందే. అమ్మ మాత్రం ఆ రోజు ఇల్లంతా కడిగేది. ఎందుకని మేమెవరమూ అడగలేదు.

నిరుడు బాపు వాళ్ల లీడర్ అనుచరులతో సహా మామ పార్టీలోకి దూకాడు. ఏ ఎండకా గొడుగు. బాపు కూడా కొత్త కండువా కప్పుకుని వచ్చాడు. రాఖీ నాడు తనే ముందు తయారై, "నడువు, మీ అన్న దగ్గరికి పోదాం. ఇగ మాకేం పంచాయితీ లేదు" అన్నాడు. అమ్మ చీర మార్చుకుంది. నేనూ వాళ్ల వెంట బయల్దేరాను.

మామ వాకిట్లోకి ఎదురొచ్చి బాపును కావలించుకున్నాడు. కూర్చున్నారో లేదో, ఈసారి టికెట్ ఎవరికన్న చర్చ మొదలైంది. అమ్మ పళ్లెంలో దీపం వెలిగించుకుని వచ్చి నిలబడింది. మామ బాపుతో మాట్లాడుతూనే, ఆమె వైపు చూడకుండా చెయ్యి చాపాడు. నాకు ఒళ్లు మండింది.

అమ్మ రాఖీ కట్టలేదు. "అన్నా, ఈయన లీడర్ రేపు మల్ల పార్టీ మారిండనుకో. అప్పుడు నేను నీకు చెల్లెనా, కాదా? జర అది జెప్పు, కడ్త."

బాపు తల వంచుకున్నాడు. మామ తడబడ్డాడు. "అదేం మాటనే! ఎప్పటికైనా నువ్వు నా చెల్లెవే గద."

"మరి గిన్నేండ్లు నేనెవలను?"

మామ అప్పుడు అమ్మ వైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మ రాఖీ కట్టింది. కట్టాక కూడా చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.