దండ ఏసిన డ్రిల్లు, పది వేళ్ళ పంతం

అప్పా, ముందే చెప్తాండా, ఇది రక్తం కారే కత. కానీ మీరెవరూ ఏడ్చాల్సిన పని లేదు. ఆ దినం ఏడ్చినోడు ఒకే ఒకడు, మా మామ. అదీ నిమ్మకాయ వల్ల.

నేను వడ్రంగోన్ని. ఐదో తరగతి దాకా చదివినా, అది గూడా మా అయివారు జాలిపడి దాటించినాడు. ఇన్నేండ్లు చెవి మీద పెన్సిలు పెట్టుకోని తిరిగినా గానీ, దాంతో చెక్క మీద గీతలు గీసిందే తప్ప ఇట్ల కత రాసింది లేదు. యాడన్నా ఎగుడుదిగుడు ఉంటే మీరే కొంచెం చిత్రిక పట్టుకోండి.

కళ్యాణదుర్గంలో మా నాయనకు రేకుల షెడ్డు ఉండేది. నాగండ్లు, ఎద్దులబండి కాడిమాన్లు, వాకిండ్లు, కిటికీలు అన్నీ ఆడనే చేసేటోళ్ళం. ఎనభైలు మొదలయిన కొత్తల్లో నాయన అనంతపురం పోయి కరెంటు డ్రిల్లు తెచ్చినాడు. చేతి బర్మాకు తాడు చుట్టి చెమటలు కారేట్ల లాగితే పడే బెజ్జాన్ని, ఇది బుర్రుమని ఒక్క దమ్ములో పెట్టేది. దాన్ని చూసేదానికి జనం ఎట్ల గుమిగూడినారంటే, మా సీమలో వాన పడినా అంతమంది బయటికి రారు. ఇంక నా పొగరు అడగద్దు. డ్రిల్లు చేతిలో ఉంటే నేను తుపాకి పట్టిన దొరనే!

అప్పుడే నాకొక సంబంధం వచ్చింది. నల్లమాడ తట్టు పిల్ల, పేరు రామలక్షుమ్మ. అంతకుముందే ఆ పిల్లను ఒక పెండ్లిలో చూసినా. బంతిలో వడ్డిస్తా వచ్చి, నా ఆకులో పప్పు ఏసి, "ఇంకొంచెం ఎయ్యల్నా?" అనింది. నేను మొగం చూస్తా "ఊఁ" అన్నా. మళ్ళా అడిగింది, మళ్ళా "ఊఁ" అన్నా. ఆకులో పప్పు చెరువు మాదిరి అయింది, అన్నం మునిగిపోయింది. ఆ పొద్దే అనుకున్నా, చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని.

ఆ పిల్ల నాయన చెన్నప్ప గూడా వడ్రంగే. బాడిస జారి ఆయప్పకు కుడిచేతిలో రెండు వేళ్ళు పోయినాయి. పెద్దల్లునికి శెనక్కాయల మిషన్లో మూడు పోయినాయి. అందుకే ఆయప్పది ఒక్కటే పంతం.

"ఆస్తి అడగను, చదువు అడగను. పది వేళ్ళు ఉండే పనోడు గావాల. అంతే."

మీకు ఇది చిన్న మాట మాదిరి ఉంటాది. మా పనోళ్ళలో పది వేళ్ళోన్ని ఎతికేది, ఎండాకాలంలో మా పెన్నేట్లో నీళ్ళు ఎతికినట్లే. మా నాయనకే తొమ్మిదిన్నర!

చెన్నప్ప మామ నన్ను చూసేదానికి ఆయుధ పూజ దినమే వచ్చినాడు. "ఆ పొద్దు పనోని చేతులు ఖాళీగా ఉంటాయి, నెమ్మదిగా చూడొచ్చు" అన్నాడంట.

ఆయుధ పూజంటే తెలిసిందే గదా. ఉలి, రంపం, బాడిస, అన్నిటినీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పెట్టినాం. డ్రిల్లు కొత్త పెండ్లికొడుకు, దానికి స్పెషలుగా లావు బంతిపూల దండ ఏసి, దండ చివర నిమ్మకాయ గుచ్చినాం. నాయన వేలు చూపించి మరీ చెప్పినాడు.

"ఒరే ఎర్రిస్వామీ, ఈ పొద్దు ఇవి నిద్రపోతాండాయి. రేపు పొద్దున్నే లేపుదాం. అంతదాకా ముట్టినావంటే తోలు తీస్తా."

మామ బస్సు దిగి వచ్చినాడు. మంచినీళ్ళు గూడా తాగలే. నా రెండు చేతులు పట్టుకోని, సంతలో ఎద్దు పండ్లు చూసినట్ల తిప్పి తిప్పి చూసినాడు.

"ఒకటి, రెండు, మూడు..." పదీ లెక్కపెట్టి, ఎక్కడ తప్పు పోయినానో అని మళ్ళా ఎనకనుంచి లెక్కపెట్టినాడు. "బాగుండాయప్పా. గోర్లు గూడా ఉండాయి!"

నాయన సంతోషంతో ఉగ్గాని, బజ్జీలు తెస్తానని హోటలుకు ఉరికినాడు.

చూడండప్పా, పని అయిపోయింది. పిల్ల నాదే. నేను చెయ్యాల్సిందల్లా బజ్జీలు వచ్చేదాకా నోరు, చేతులు మూసుకోని కూచునేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గదా. డ్రిల్లు ముట్టనేల, వేలు కట్టనేల!

మామ డ్రిల్లు తట్టు చూసినాడు. "ఏమప్పా అది, దండ ఏసుకోని కూచున్నెది?"

"డ్రిల్లు మామా. కరెంటుది. టేకులో గూడా చిటికేసేలోపల బెజ్జం పెడతాది."

"చిటికేసేలోపలా? నలభై ఏండ్లు బర్మా లాగినా నేను. నాకు చెప్పొద్దు."

"నిజం మామా!"

"ఏమో, నోరుండేటోళ్ళంతా చెప్తారు."

ఆ మాట నాకు యాడ తగలాల్నో ఆడ తగిలింది. అయితే నాయన మాట గుర్తుకొచ్చింది. అప్పుడు నా బుర్రలో ఒక గొప్ప ఆలోచన పుట్టింది. దండ తీస్తే గదా పూజ చెడేది? దండ తియ్యకుండా తిప్పితే ఏం తప్పు? దేవునికీ కోపం రాదు, మామకూ నమ్మకం కుదురుతాది!

ఇట్లాంటి ఆలోచనలు వచ్చే తలకాయకు ఐదో తరగతే ఎక్కువ.

డ్రిల్లు పిన్ను తెచ్చిన నెలకే పగిలిపోయిండె. రెండు వైర్లు ప్లగ్గు బొక్కల్లో పెట్టి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు చెక్కి, స్విచ్చి ఏసినా. ఎడమచేత్తో టేకు ముక్క పట్టుకున్నా. "చూడు మామా!" అని బటన్ నొక్కినా.

మామ ఇంకా బాగా చూద్దామని దగ్గరికి వంగినాడు.

బుర్రుమనింది. దండ దారం మిషను మూతికి చుట్టుకునింది. బంతిపూలు పెండ్లిలో అక్షింతల మాదిరి మా ఇద్దరి మీద రాలినాయి. నిమ్మకాయ గిర్రున తిరిగి, పగిలి, ఫట్టుమని మామ కండ్లల్లో పడింది.

"అయ్యో, నా కండ్లు!"

నేను మామ తట్టు చూసినా. చూసేలోపల దారం నా భుజం మీద తుండుగుడ్డను లాక్కునింది. డ్రిల్లు ఎగిరింది, టేకు ముక్క జారింది, మొన పోయి నా ఎడమచేతి బొటనవేల్లో దిగింది. మా సీమలో ఎన్ని అడుగులు బోరు ఏసినా నీళ్ళు పడవు. నా వేల్లో మాత్రం తాకంగానే పడింది!

మామ కండ్లు మూసుకోని తడుముకుంటా పోయి వైరు తట్టుకున్నాడు. అగ్గిపుల్లలు ఊడి వైరు బయటికొచ్చింది, డ్రిల్లు నిలబడింది. ఆయప్ప కాలు తగలకపోతే నేనిప్పుడు చెక్క ఏ చేత్తో పట్టుకోవాల్నో.

"అబ్బోడా! వేళ్ళుండాయా?"

"ఉండాయి మామా! పదీ ఉండాయి!"

"చూపీ!"

"నీకు కండ్లు కనపడవు గదా మామా!"

అంతలో నాయన చెప్పుల శబ్దం. దాచేదానికి ఏం దొరకలే. పూజ కాడ కుంకుమ భరిణె కనపడితే బొటనవేలు దాంట్లో దూర్చినా. సరిగ్గా టోపీ పెట్టినట్ల పట్టింది.

నాయన బజ్జీల పొట్లంతో వచ్చి నిలబడిపోయినాడు. "ఏమి బావా, కండ్లల్లో నీళ్ళు?"

మామ నోరు తెరిచేలోపల నేనే చెప్పినా. "సంబంధం కుదిరిందని సంతోషం నాయనా!"

మా నాయన మెత్తనోడు. ఆయప్ప గూడా ఏడుపు ఆపుకున్నాడు. "అట్లయితే ఆలస్యమెందుకు? తాంబూలం ఈడనే పుచ్చుకుందాం!" అని పూజ కాడుండే ఆకూ వక్కా తీసి మామ చేతిలో పెట్టినాడు.

మామ కండ్లు కడుక్కోని వచ్చి, "రెండు చేతులూ పట్టప్పా" అన్నాడు.

పట్టినా. ఒక చేతికి భరిణె.

"ఇదేంది?"

"దేవుని కుంకుమ మామా. చేతిలో ఉంటే మంచిదని."

"తీ."

తీసినా. తమలపాకు మీద టప్పున ఒక చుక్క పడింది.

మామ మళ్ళా లెక్కపెట్టినాడు. పదో వేలి కాడ ఆగినాడు.

"ఇందాక ఈ బొటనవేలికి గోరుండె గదా?"

"ఉండె మామా."

"ఇప్పుడు యాడుంది?"

"ఆ బంతిపూలల్లో యాడో ఉంటాది. ఎతికిస్తా."

నాయనకు అప్పుడు అర్థమయింది. "పూజ చేసినదాన్ని తిప్పినావా?"

"దండ తియ్యలే నాయనా, ఒట్టు!"

"తీసి తిప్పింటే ఒకటే తప్పురా గాడిదా! ఇప్పుడు పూజా చెడె, వేలూ చెడె, రెండు!"

మామ నాయన్ని ఆపి, నన్నే అడిగినాడు. "మిషను జారిందా అబ్బోడా? మిషనుదేనా తప్పు?"

ఊఁ అంటే సరిపోయేది. మామ మొగం చూస్తే పప్పు కాడ మాదిరి ఊఁ అని నోటికి రాలే.

"లేదు మామా. మిషను బాగుండాది. నీకు చూపీయాలని నేనే బడాయి పోయినా. తప్పు నాదే."

మామ బజ్జీ గూడా ముట్టలే. "పది వేళ్ళోన్ని చూసొస్తానని పిల్లకు చెప్పొచ్చినా. పోయి జరిగింది జరిగినట్ల చెప్తా" అని బస్సెక్కి పోయినాడు.

కాంపౌండరు నా వేలికి వంకాయంత కట్టు కట్టినాడు. నాలుగు దినాలు అన్నం దిగలే. నొప్పి వేలిలో కాదు.

ఐదో దినం మామే వచ్చినాడు. మొగం గంటు పెట్టుకోని చెప్పినాడు.

"నిమ్మకాయ సంగతి చెప్తే పిల్ల పడీపడీ నవ్విందప్పా. ఆ తర్వాత నన్నే అడిగింది. 'నాయనా, నీ వేళ్ళు పోయినప్పుడు తప్పు ఎవరిదన్నావు?' అని. బాడిసది అన్నా అని చెప్పినా. 'బావవి మిషన్లో పోయినప్పుడు?' మిషనుదన్నాడని చెప్పినా. 'ఈయప్ప?' తనదే అన్నాడని చెప్పినా. 'అట్లయితే గోరు లేకున్నా ఈయప్పే కానీ నాయనా' అనింది."

ఆ గోరు మళ్ళా రాలే. రామలక్షుమ్మ మాత్రం వచ్చింది.

ఈ పొద్దుకూ ఆయుధ పూజ వస్తే ఆయమ్మ డ్రిల్లుకు దండ ఏసి, వైరు చుట్టి బీరువాలో పెట్టి బీగం ఏస్తాది. ఆ తర్వాత నా ఎడమచేయి పట్టుకోని బొటనవేలికి బొట్టు పెడతాది. "ఇది గూడా పనిముట్టే. ఈ పొద్దు దీనికీ సెలవు" అంటాది.

కాబట్టి అందరి ముందరా చెప్తాండా. దండ ఏసిన మిషన్ని ఈ జన్మలో ముట్టను, మామలు ఎంతమంది వంగి చూసినా సరే.

మిగిలిన తొమ్మిది గోర్ల మీద ఒట్టు.