లగ్గమంటే గడియ

నా చిన్నప్పుడు... అక్క లగ్గం నాడు పందిట్లో అందరూ పెళ్లికొడుకును చూస్తుంటే, అక్క మాత్రం ఊరి బాట వైపే చూస్తూ కూర్చుంది. నాయిన ఇంకా రాలేదు...

మాది అమరచింత దగ్గర పల్లె. నాయిన దూరాన ఆనకట్టల దగ్గర కట్టపనికి, మట్టి మోయడానికి వలస పోయాడు. లగ్గానికి రెండు రోజుల ముందే పంపిస్తానన్న మేస్త్రీ, చివరి రోజు దాకా వదల్లేదు.

"పెద్దనాయినా, జర ఆగుండ్రి... నాయిన వస్తుండు" అంది అక్క, తల వంచుకునే.

పెద్దనాయన పంతులు వైపు చూశాడు.

"లగ్గమంటేనే గడియ తల్లీ. గడియ దాటినంక లగ్గమెక్కడిది?" అన్నాడు పంతులు.

అల్లుడి కాళ్లు పెద్దనాయన, పెద్దమ్మ కడిగారు. నాయిన పక్కన లేడు కాబట్టి అమ్మ కూడా పీటల మీద కూర్చోలేదు... గుంజ పట్టుకుని నిలబడింది.

బంతి భోజనాలు సాగుతుండగా వచ్చాడు నాయిన. దారిలో లారీ చెడిపోయిందట. చొక్కా నిండా దుమ్ము, చంకలో అక్కకు కొన్న చీర.

"అయిపోయిందా బిడ్డా?"

అక్క ఆయన్ని పట్టుకుని ఏడ్చింది.

"ఏడ్వకు... గడియ దాటొద్దు గదా. మంచిగనే చేసిండ్రు" అంటూ చాప మీద రాలిన తలంబ్రాలు ఏరి, ఇద్దరి తలల మీద వేశాడు. తర్వాత పందిరి వెనక్కి పోయి, తువ్వాల నోట్లో కుక్కుకుని ఏడ్చాడు... నేను చూశాను.

నా లగ్గం నాటికి నాయిన లేడు. ఇద్దరు ఆడబిడ్డల తండ్రి... ఏ అల్లుడి కాళ్లూ కడగలేదు.

పంతుళ్ల లగ్నమే మా పాలమూరు నోళ్లలో లగ్గమైంది. గడియ పేరే మొత్తం పెళ్లికి పేరైంది. లగ్నమంటే కలిసినది, అంటుకుని ఉన్నది అనే అర్థం కూడా ఉందని, అక్క లగ్గమైన కొన్నాళ్లకు బళ్లో తెలుగు సార్ చెప్పాడు. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మకు చెబుదామనుకున్నాను... పందిట్లో గుంజ పట్టుకుని ఒంటరిగా నిలబడిన అమ్మే గుర్తొచ్చి చెప్పలేకపోయాను.

మొన్న గద్వాలలో బంధువుల లగ్గానికి అక్కా నేనూ వెళ్లాం. వీడియో తీసేవాళ్లు రాలేదని గంటసేపు ఆపారు. గడియ దాటిపోయింది... ఎవరూ పట్టించుకోలేదు. పంతులు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

అక్క నా చేయి పట్టుకుని లేచింది.

"పోదాం పావే..." అంది.

అక్షింతలు వేయకుండానే వచ్చేశాం. బస్సులో దారి పొడవునా అక్క కిటికీలోంచి బాట వైపే చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు మా పిల్లలు లగ్గం అనరు, మ్యారేజ్ అంటారు... మీ దిక్కు పెళ్లిని ఏమనేవాళ్లు? ఆ మాట వింటే మీకు ఎవరు గుర్తొస్తారు?